ముక్కు లోపల కుళ్లుతుంటే రెండో ముక్క అడగండి

ఒకవైపు ముక్కు మాత్రమే నెలల తరబడి మూసుకుపోయి, రక్తం అంటిన పక్కులు రాలుతూ, పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలిసేంత వాసన వస్తూ, ముక్కు దూలం దగ్గరో కన్ను కిందో వాపు మొదలైతే అది సైనస్ కావచ్చు, ఫంగస్ కావచ్చు, టీబీ కావచ్చు. చాలా అరుదుగా లింఫోమా, అంటే తెల్లకణాల క్యాన్సర్, కూడా కావచ్చు. ఈ నాలుగింటికీ మందులు వేరు. ఒకదానికి వాడే మందు ఇంకోదాన్ని తగ్గించకపోగా కొన్నిసార్లు దాచిపెడుతుంది. అందుకే ఈ వ్యాసంలో నేను వాదించేది ఒక్కటే విషయం. బయాప్సీ అంటే చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడటం. ఆ రిపోర్టులో "నెక్రోసిస్, ఇన్‌ఫ్లమేషన్ మాత్రమే కనిపిస్తున్నాయి" అని, అంటే చచ్చిన కణజాలం, వాపు తప్ప ఇంకేమీ లేవని వస్తే దాన్ని జవాబు అనుకోకూడదు. ఇంకా జవాబు రాలేదని దాని అర్థం. అలాంటప్పుడు ఊహ మీద మందులు మొదలుపెట్టడం కాదు, రెండో ముక్క తియ్యాలి. రెండోది కూడా చెప్పకపోతే మూడోది తియ్యాలి.

ఇది మా బాబాయి విషయంలో నేను దగ్గరుండి చూసింది. నేను డాక్టర్ని కాదు. కానీ ఆయన ఫైలు పట్టుకుని తిరిగింది నేనే, ఆయన జబ్బు గురించి దొరికినదల్లా చదివిందీ నేనే. ఇందులో మందుల గురించి రాసినవి మీ డాక్టర్‌ని అడగడానికి పనికొచ్చే ప్రశ్నలుగా తీసుకోండి.

ముందు జబ్బు గురించి. చివరికి బాబాయికి ఉన్నది లింఫోమాయేనని తేలింది, దాని పూర్తి పేరు ఎక్స్‌ట్రానోడల్ ఎన్‌కే/టీ సెల్ లింఫోమా. లింఫోమా అనగానే మెడలోనో చంకలోనో గడ్డలు అనుకుంటాం. ఇది అలా కాదు, గాలి లోపలికి వెళ్లే దారిలోనే మొదలవుతుంది. ముక్కు లోపల, ముక్కు వెనక, అంగిట్లో, గొంతు పైభాగంలో. మన ఒంట్లో వైరస్ సోకిన కణాల్ని చంపడానికి నేచురల్ కిల్లర్ కణాలని కొన్ని ఉంటాయి, చాలావరకు ఈ క్యాన్సర్ వాటి నుంచే పుడుతుంది, కొన్నిసార్లు టీ కణాల నుంచి. దాదాపు ప్రతి కేసులోనూ ఆ క్యాన్సర్ కణాల లోపల ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉంటుంది. చైనా, కొరియా, జపాన్, హాంకాంగ్, ఇటు పెరూ, మెక్సికో లాంటి దేశాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, యూరప్ అమెరికాల్లో చాలా తక్కువ, మన దేశంలోనూ అరుదే. ఆడవాళ్లకంటే మగవాళ్లకు ఎక్కువ, అదీ చాలామందికి నడివయసులో.

ఈ కణాలకు ఒక అలవాటు ఉంది. చిన్న రక్తనాళాల చుట్టూ చేరి వాటి గోడల్లోకి దూరి వాటిని పాడుచేస్తాయి. నాళం మూసుకుపోతే ఆ నాళం మీద బతికే కండ, మృదులాస్థి, ఎముక అన్నీ చచ్చిపోతాయి. ముక్కు మధ్య గోడకు రంధ్రం పడటం, అంగిలికి చిల్లు పడటం అందుకే. 1897లో ఎడిన్‌బరాలో పీటర్ మెక్‌బ్రైడ్ అనే డాక్టర్ ముక్కూ ముఖమూ వేగంగా కరిగిపోయిన ఒక రోగి ఫోటోలు ప్రచురించారు. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు దీన్ని "ప్రాణాంతక మిడ్‌లైన్ గ్రాన్యులోమా" అనేవాళ్లు, అంటే ముఖం మధ్యభాగం పుండై చచ్చిపోతుందని తెలుసు గానీ ఎందుకో తెలియదు. దీనిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉందని జపాన్ డాక్టర్లు చూపించింది 1990లో. దాదాపు వందేళ్లపాటు డాక్టర్లు మైక్రోస్కోప్ కింద ఈ ముక్కల్ని చూస్తూ కూడా క్యాన్సర్ అని గట్టిగా చెప్పలేకపోయారు. అలాంటి జబ్బును ఒక జిల్లా ల్యాబులో, గోరంత ముక్కలో, మామూలు రంగుతో ఒకేసారి పట్టుకోవాలని ఆశించడం న్యాయం కాదు. నా వాదనకు మొదటి ఆధారం ఇదే.

ఎందుకు దొరకదో కాస్త వివరంగా చెప్పాలి. ఓపీలో ఎండోస్కోప్ పెట్టి చూసినప్పుడు ముందు కనిపించేవి నల్లటి, బూడిదరంగు పక్కులు. ఫోర్సెప్స్‌కి సులభంగా అందేవీ అవే. రోగికి నొప్పి, కాస్త లోపలికి వెళ్తే రక్తం, కాబట్టి పైనుంచి ఒకటి రెండు ముక్కలు తీసి పంపుతారు. అవి ఎప్పుడో చచ్చిపోయిన కణజాలం. క్యాన్సర్ కణాలు దాని కింద, బతికున్న అంచుల్లో ఉంటాయి. అక్కడ కూడా అవి ఒంటరిగా ఉండవు, చచ్చిన చోటికి శుభ్రం చెయ్యడానికి వచ్చిన మామూలు తెల్లకణాల గుంపులో కలిసిపోయి ఉంటాయి. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి, చూడటానికి ఇన్‌ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది. పెథాలజిస్ట్ ఎంత అనుభవజ్ఞుడైనా ఆయన ముందున్న గాజు పలకమీద లేనిదాన్ని చూడలేడు. ఆయన నిజాయితీగా ఉన్నదే రాస్తాడు, చివర్లో "రోగి లక్షణాలతో పోల్చి చూడండి, అవసరమైతే మళ్లీ బయాప్సీ చెయ్యండి" అని ఒక వాక్యం కూడా రాస్తాడు. మా బాబాయి మొదటి రిపోర్టులో ఆ వాక్యం ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

బాబాయిది తెనాలి దగ్గర ఊరు, ఎరువులు, విత్తనాల కొట్టు. షుగరు ఉంది, మాత్రలతో అదుపులోనే ఉండేది. ఎడమ ముక్కు దిబ్బడ మొదలైతే దుమ్ము, పురుగుమందుల వాసన వల్ల ఎలర్జీ అనుకున్నారు ఇంట్లో. దగ్గర్లో చూపిస్తే యాంటీబయాటిక్, స్ప్రే ఇచ్చారు. తగ్గలేదు. తర్వాత స్టెరాయిడ్ మాత్రలు ఒక కోర్సు ఇచ్చారు, అప్పుడు బ్రహ్మాండంగా తగ్గింది. ముక్కు తెరుచుకుంది, వాపు పోయింది, పిన్ని ఆంజనేయస్వామికి ఆకుపూజ కూడా చేయించింది. మాత్రలు ఆపిన కొన్నాళ్లకు మొత్తం తిరిగొచ్చింది, ఈసారి కన్ను కింద వాపు, రాత్రిపూట జ్వరం, ఒళ్లు తగ్గిపోవడం.

ఈ స్టెరాయిడ్ దగ్గర నేను కాసేపు ఆగాలి. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కి లొంగుతాయి. చాలా లింఫోమాల కీమోలో అది ఒక భాగమే. ఒంటరిగా ఇస్తే కొంతకాలం కణితి కుంచించుకుపోతుంది, జబ్బు నయమైనట్టు కనిపిస్తుంది, ఆ సమయంలో ముక్క తీస్తే అందులో క్యాన్సర్ కణాలు దొరక్కపోవచ్చు కూడా. పైగా అది ఫంగస్ అయితే, అందులోనూ షుగరు ఉన్న మనిషికైతే, స్టెరాయిడ్ నిప్పుకి నెయ్యే. కాబట్టి ఒకవైపు ముక్కులో తగ్గని పుండు, రక్తం, వాసన ఉన్న మనిషికి బయాప్సీకి ముందు స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వకూడదు అన్నది నా గట్టి అభిప్రాయం. మన ఊళ్లలో డాక్టర్ చీటీ లేకుండానే మందుల షాపులో కూడా దొరుకుతాయి అవి. రెండు రోజుల్లో సుఖంగా ఉంటే అందరికీ సంతోషం. ఆ సంతోషం వెనక నెలలు పోతాయి.

రెండోసారి ఒక పెద్ద ప్రైవేట్ ఆసుపత్రికి వెళ్లాం. అది 2022. అంతకు ముందు ఏడాది, 2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్‌ని అంటువ్యాధుల చట్టం కింద నోటిఫై చేశారు, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండా ఆ రోగులే. ఆ ఫంగస్‌ని చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఎంత తిరిగారో అందరికీ గుర్తుంది. ఆ భయం ఇంకా పోలేదు. షుగరు ఉన్న మనిషి, ముక్కులో నల్ల పక్కు, కన్ను కింద వాపు చూసిన డాక్టర్ మొదట బ్లాక్ ఫంగస్ అనుకోవడాన్ని నేను తప్పు పట్టను. మ్యూకార్‌మైకోసిస్, అంటే ఈ బ్లాక్ ఫంగస్, కొద్ది రోజుల్లోనే కన్నునీ మెదడునీ తినేస్తుంది, రిపోర్టు వచ్చేదాకా ఆగితే మనిషి ఉండకపోవచ్చు. ముక్క పంపి అదే రోజు మందు మొదలుపెట్టడమే సరైన పద్ధతి, వాళ్లు అదే చేశారు.

నా అభ్యంతరం ఆ తర్వాత జరిగినదాని మీద. కేఓహెచ్ పరీక్షలో ఫంగస్ పోగులు లేవు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. బయాప్సీలో ఫంగస్ లేదు, టీబీలో కనిపించే కణాల ముద్ద గ్రాన్యులోమా లేదు, చచ్చిన కణజాలం, వాపు, అంతే. అయినా ఇంజెక్షన్లు నడిచాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగితే ఆపారు. ఆ తర్వాత "టీబీ అయ్యుండొచ్చు" అన్నారు. కఫంలో లేదు, ఛాతీ ఎక్స్‌రే బావుంది, ముక్కలో టీబీ బ్యాక్టీరియాని వెతికే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష నెగెటివ్. అయినా టీబీ మందులు మొదలుపెట్టి, "ఒక రెండు నెలలు వాడి చూద్దాం" అన్నారు.

ఆ "చూద్దాం" అన్న మాటకు వెనక ఉన్న తర్కం నాకు తెలుసు, దాన్ని గౌరవంగానే ఎదుర్కోవాలి. ప్రపంచంలో టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఎక్కడ ఏ పుండు తగ్గకపోయినా టీబీ అనుకుని మందు ఇస్తే చాలాసార్లు తగ్గుతుంది కూడా. టీబీలో బ్యాక్టీరియా ప్రతిసారీ పరీక్షకు దొరకదు. అరుదైన జబ్బు కోసం ప్రతి ముక్కు దిబ్బడకూ ఖరీదైన పరీక్షలు చేయించడం పేద దేశంలో కుదరదు. ఇవన్నీ నిజాలే. మామూలు జబ్బుని ముందు అనుమానించడం వైద్యానికి పునాది. కానీ ఆ అనుమానానికి ఒక గడువు ఉండాలి కదా! ఫంగస్ లేదని తేలింది, టీబీ రుజువు కాలేదు, రోగి రోజురోజుకీ దిగజారుతున్నాడు, ముక్కు లోపల కణజాలం ఇంకా చచ్చిపోతూనే ఉంది. అప్పుడు మళ్లీ ముక్క తియ్యడానికి అయ్యే ఖర్చెంత, రెండు నెలలు తప్పు మందు వాడటానికి అయ్యే ఖర్చెంత? ఈ జబ్బు ముక్కు దాటకుండా ఉన్నప్పుడు దొరికితే నయమయ్యే అవకాశాలు ఎక్కువ. చర్మానికీ, పేగులకీ, వృషణాలకీ, ఎముక మూలుగకీ పాకిన తర్వాత దొరికితే చాలా తక్కువ. ఆ రెండు నెలల విలువ అది.

టీబీ మందులు నడుస్తుండగా ఒకరోజు పిన్ని ఫోన్ చేసింది. "మజ్జిగ తాగితే ముక్కులోంచి వస్తోందిరా, ఇదేం టీబీ రా" అంది. అంగిలికి చిల్లు పడింది. ఆ మాటతో నేను ఫైలు మొత్తం తీసుకుని హైదరాబాద్‌లో ఇంకో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వాళ్లను తీసుకెళ్లాను. ఆవిడ మొదట అడిగింది స్కాన్ కాదు, "పాత బయాప్సీ బ్లాక్ ఏది?" అని. మాకు బ్లాక్ అంటే ఏమిటో కూడా తెలియదు. తీసిన ముక్కను మైనంలో పొదిగి ల్యాబ్ వాళ్లు దాచి ఉంచుతారు, దాన్నుంచి పలుచటి పొరలు కోసి స్లైడ్లు చేస్తారు. అడిగితే బ్లాకు, స్లైడ్లు ఇస్తారు, సంతకం చేసి తెచ్చుకోవచ్చు, ఇంకో పెథాలజిస్ట్‌తో చూపించుకోవచ్చు. ఈ సంగతి ప్రతి రోగి ఇంట్లోనూ తెలిసి ఉండాలి, రిపోర్టు కాగితం కంటే ఆ మైనం ముక్క విలువైనది.

పిన్నితో ఆవిడ మాట్లాడిన తీరు నాకు బాగా నచ్చింది. "అమ్మా, ఇప్పటిదాకా తీసింది పైన చచ్చిన పొర. కింద బతికున్న చోటి నుంచి తియ్యాలి. మత్తిచ్చి థియేటర్లో తీస్తాను, రక్తం వస్తుంది, ఆపుకోగలం. ఒకచోట కాదు, నాలుగైదు చోట్ల తీస్తా. మీరు భయపడకండి" అని సూటిగా చెప్పారు. పక్కులన్నీ తీసేసి, అంచుల్లో లోతుగా ముక్కలు తీశారు. కొన్ని కల్చర్‌కి, కొన్ని ఫార్మలిన్‌లో పెథాలజీకి. పెథాలజీ ఫారం మీద "లింఫోమా అనుమానం, ఈబర్ చెయ్యండి" అని ఆవిడే స్వయంగా రాశారు, ఈబర్ అంటే ఏమిటో కింద చెప్తాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. ల్యాబులో ఉన్నవాళ్లకు రోగి కనపడడు. "ముక్కు బయాప్సీ" అని మాత్రమే రాసి పంపితే వాళ్లు ఇన్‌ఫెక్షన్ కోసం వెతుకుతారు.

ఏ పరీక్షలు చెయ్యాలన్నది కూడా రోగి తాలూకు వాళ్లు తెలుసుకోవాల్సిందే. కణాల మీద ఏ గుర్తులున్నాయో చూసే పరీక్షను ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటారు, అందరూ ఐహెచ్‌సీ అంటారు. సీడీ20 ఉంటే బీ కణాల లింఫోమా వైపు, అది వేరే జబ్బు, వేరే మందులు. మన జబ్బులో సీడీ20 ఉండదు, సీడీ56 చాలామందిలో ఉంటుంది, కణం లోపల సీడీ3 ఉంటుంది, గ్రాంజైమ్ బీ, టీఐఏ1 లాంటి కిల్లర్ కణాల గుర్తులు ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యం ఈబర్. కణంలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ ఉందో లేదో చూపించే పరీక్ష అది. ఆ పరీక్ష దొరకని చోట వైరస్ కోసం ఎల్‌ఎంపీ1 అనే రంగు వేసి, అది రాకపోతే వైరస్ లేదని రాసేస్తుంటారు. ఈ జబ్బులో ఎల్‌ఎంపీ1 చాలాసార్లు పేలవంగా వస్తుంది, అసలు రాకపోవచ్చు కూడా. దాన్ని చూసి ఈబర్ మానెయ్యకూడదు. బాబాయి ముక్కలో సీడీ56 పాజిటివ్, సీడీ20 నెగెటివ్, ఈబర్ పాజిటివ్. జబ్బు పేరు తెలిసిన రోజు ఇంట్లో అందరూ ఏడ్చారు, బాబాయి మాత్రం "హమ్మయ్య, ఇకనైనా దీని మందు ఏదో అది ఇస్తారు" అన్నాడు.

ఇక్కడితో సగం పని అయింది. రెండో సగంలోనూ ఇలాంటి తొందరే ఎదురైంది. లింఫోమా అని తేలగానే చాలాచోట్ల మొదట వచ్చే మాట చాప్, నాలుగు మందుల పాత కీమో. బీ కణాల లింఫోమాలకు దానికే రిటుక్సిమాబ్ కలిపితే బాగా పనిచేస్తుంది. ఈ జబ్బుకి పనిచెయ్యదు. కారణం కూడా తెలుసు, ఈ కణాల పొరమీద పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఎక్కువగా ఉంటుంది, చాప్‌లో అసలు బలమైన డాక్సోరుబిసిన్‌ని అది లోపలికి వచ్చినంత వేగంగా బయటికి తోసేస్తుంది. కాబట్టి "లింఫోమాయే కదా, చాప్ పెడదాం" అంటే అది మళ్లీ ఊహ మీద వైద్యమే.

పనిచేసే మందు ఎల్-ఆస్పరాజినేజ్. దీని వెనక కథ నాకు ఎంతో ఇష్టం. 1953లో అమెరికాలో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త గినీపిగ్ రక్తం నుంచి తీసిన సీరం ఎక్కిస్తే ఎలుకల్లో లింఫోమా కరిగిపోవడం చూశారు. ఆ సీరంలో పనిచేస్తున్నది ఆస్పరాజినేజ్ అనే ఎంజైము అని 1960ల మొదట్లో జాన్ బ్రూమ్ తేల్చారు. మామూలు కణాలు ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాన్ని తామే తయారుచేసుకుంటాయి. ఈ లింఫోమా కణాలు సరిగా చేసుకోలేవు, రక్తంలోంచి తీసుకోవాలి. ఈ ఎంజైము రక్తంలో దాన్ని లేకుండా చేస్తే అవి తిండి లేక చస్తాయి. పంపు ఎంత తోసినా లాభం లేదు, ఎందుకంటే ఈ మందు కణం లోపలికి వెళ్లాల్సిన అవసరమే లేదు. జపాన్, కొరియా, హాంకాంగ్ డాక్టర్లు కలిసి ఈ మందు చుట్టూ అల్లిన స్మైల్ అనే కీమో పద్ధతి ఫలితాలు 2011లో వచ్చాయి. ముదిరిన, తిరగబెట్టిన జబ్బున్నవాళ్లలో నూటికి 79 మందికి కణితి తగ్గింది, 45 మందికి పూర్తిగా కనపడకుండా పోయింది. స్మైల్‌లోని ఐదు మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు. బాబాయికి ఆ సంగతి చెబితే చాలా సంతోషపడ్డాడు, వార్డులో పక్క మంచం వాళ్లక్కూడా చెప్పాడు.

జబ్బు ముక్కు దగ్గరే ఉన్నవాళ్లకు మాత్రం కీమో ఒక్కటే చాలదు. రేడియేషన్ కావాలి, దాదాపు 50 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదు, అదీ బాగా ఆలస్యం చెయ్యకుండా. మా ఊళ్లో దీన్ని ఇప్పటికీ "కరెంటు పెట్టడం" అంటారు, ఆ మాట వింటేనే సగం మంది జడుసుకుంటారు. 2009లో జపాన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో ముక్కు దగ్గరే ఉన్న జబ్బుకి రేడియేషన్, కీమో కలిపి ఒకేసారి ఇస్తే రెండేళ్ల తర్వాత నూటికి 78 మంది బతికున్నారు. రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన పాత రోజుల్లో ఆ సంఖ్య సగం కంటే తక్కువ. బాబాయికి ఒళ్లంతా చూసే పెట్ సీటీ స్కాన్‌లో ముక్కు, అంగిలి దగ్గర తప్ప ఇంకెక్కడా కనిపించలేదు, మూలుగు పరీక్ష బావుంది. అన్నాళ్లు తిరిగినా అది పాకకపోవడం మా అదృష్టం, అందరికీ అలా ఉండదు. ఆయనకు ముందూ వెనకా ఆస్పరాజినేజ్ ఉన్న కీమో, మధ్యలో రేడియేషన్ ఇచ్చారు.

రేడియేషన్‌కి ముందు పళ్ల డాక్టర్‌కి చూపించమన్నారు, ఇది చాలామంది వదిలేసే విషయం. పుచ్చిన పళ్లు ముందే తీసేయాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానకపోవచ్చు. ముఖానికి ప్లాస్టిక్ మాస్క్ తొడిగి బల్లకి బిగిస్తారు, కదలకూడదు. అదే ఆయనకి అన్నిటికంటే కష్టంగా ఉండేది, ముక్కుతో గాలి ఆడదు కదా. మూడో వారం నుంచి నోరంతా పూత. కారం లేని పెరుగన్నం మెత్తగా మిక్సీ వేసి, రాగిజావ, గుడ్డు తెల్లసొన, అదీ చిల్లు మీద మూత పెట్టుకుని. ఆ మూతను ఒక డెంటల్ కాలేజీలో చేశారు, అబ్ట్యురేటర్ అంటారు, కట్టుడు పళ్ల సెట్టులా ఉంటుంది. దాన్ని పెట్టుకున్న రోజు ఆయన మాట మళ్లీ మామూలుగా వినిపించింది. అంతకు ముందు ఆయన చెప్పేది పిన్నికి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడగడం ఇప్పటికీ ఆగలేదు.

ఆస్పరాజినేజ్ తేలికైన మందేం కాదు. ఎలర్జీ వస్తుంది, కాలేయం దెబ్బతినొచ్చు, పాంక్రియాస్ వాచొచ్చు, షుగరు పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే పద్ధతి అటూ ఇటూ తప్పుతుంది, గడ్డకట్టడానికి కావాల్సిన ఫిబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూసుకుంటూ ఉండాలి. ఇంకో సమస్య గురించి మనవాళ్లు గట్టిగా మాట్లాడాలి. మన మార్కెట్లో ఈ ఎంజైము జెనరిక్ బ్రాండ్లు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా పనిచెయ్యవని, కొన్నిటిలో ఉండాల్సినంత శక్తి లేదని మన దేశంలోనే లుకేమియా పిల్లల మీద పనిచేసిన డాక్టర్లు పరీక్షించి చెప్పారు. మందు రోగి రక్తంలో పనిచేస్తోందో లేదో కొలిచే పరీక్ష కూడా ఉంది. చౌక మందు మనకు అవసరం, ఆ మాట ఎవరూ కాదనరు. కానీ పనిచెయ్యని మందు ఎంత చౌకగా వచ్చినా రోగికి నష్టమే. మీ ఆంకాలజిస్ట్‌ని ఏ బ్రాండు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు అని మొహమాటపడకుండా అడగండి. మంచి డాక్టర్లు ఆ ప్రశ్నకు కోప్పడరు.

చుట్టాల గురించి ఒక మాట చెప్పాలి. వాసన వల్ల జనం దూరం జరిగారు, అది అర్థం చేసుకోగలను. కానీ "వైరస్ వల్ల వచ్చిందట" అని తెలిశాక మనవరాలిని ఆయన దగ్గరికి పంపడం మానేశారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రపంచంలో నూటికి తొంభైమంది కంటే ఎక్కువ పెద్దవాళ్లలో ఉంది. చిన్నప్పుడే ఉమ్ము ద్వారా సోకి, జీవితమంతా ఒంట్లో నిద్రపోతుంది. మీలో ఉంది, నాలో ఉంది. క్యాన్సర్ మాత్రం అంటుకోదు. ఒకే పళ్లెంలో కూర్చుని తిన్నా, ముద్దు పెట్టుకున్నా అంటుకోదు. ఇది నేను ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

కింది గాలి గొట్టాల్లో వచ్చే లింఫోమాలు కూడా ఉన్నాయి, ఇంకా అరుదు. శ్వాసనాళం గోడలో మాల్ట్ లింఫోమా అని మెల్లగా పెరిగేది ఒకటి వస్తుంది, దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, చూడటానికి ఆస్తమాయే. ఏళ్ల తరబడి ఇన్‌హేలర్లు వాడి, మధ్యమధ్యలో స్టెరాయిడ్‌తో తగ్గి, చివరికి శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పెట్టి చూసే బ్రాంకోస్కోపీలో బయటపడుతుంది. ఇది మొండిది కాదు, తక్కువ మోతాదు రేడియేషన్‌కే చాలామందిలో లొంగుతుంది. ఇన్‌హేలర్లు సరిగ్గా వాడుతున్నా తగ్గని "ఆస్తమా"కి ఒకసారి సీటీ, అవసరమైతే బ్రాంకోస్కోపీ చేయించండి అని డాక్టర్లు అనేది ఇలాంటివాటి కోసమే.

బాబాయి ఇప్పుడు కొట్టు తెరుస్తున్నాడు, పూటకి కొన్ని గంటలు. ముక్కు కొంచెం లోపలికి పడిపోయింది, వాసన తెలియదు. రక్తంలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ డీఎన్‌ఏ ఎంతుందో కొలుస్తుంటారు, వైద్యానికి ముందు ఎక్కువగా ఉన్నది ఇప్పుడు కనిపించడం లేదు. అది మళ్లీ పెరిగితే స్కాన్‌లో కనిపించకముందే అనుమానించవచ్చు. తిరగబెట్టే అవకాశం ఉన్న జబ్బే, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తిరగబెడితే ఏముంది అని అడిగితే ఒకప్పుడు జవాబు ఉండేది కాదు. 2017లో హాంకాంగ్ డాక్టర్లు ఆస్పరాజినేజ్‌కి కూడా లొంగని ఏడుగురికి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే ఏడుగురికీ పనిచేసింది, ఐదుగురిలో జబ్బు పూర్తిగా కనపడకుండా పోయింది. చిన్న సంఖ్యే, కానీ దారి ఉందని తెలిసింది. మన దగ్గర దాని ధర మామూలు కుటుంబం మోసేది కాదు.

ఇక ప్రభుత్వాల నుంచి నేను కోరేది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈబర్ పెట్టమని నేను అడగను, అది సాధ్యం కాదు, అవసరమూ లేదు. రెండు రాష్ట్రాల్లో చెరొక క్యాన్సర్ ఆసుపత్రి పెథాలజీ ల్యాబుని ఎంచుకుని, మెడికల్ కాలేజీల నుంచి, జిల్లా ఆసుపత్రుల నుంచి అనుమానం ఉన్న మైనం బ్లాకులు అక్కడికి పంపే ఏర్పాటు చేస్తే చాలు. బ్లాకు పాడవదు, ఐసు అక్కర్లేదు, మామూలు కవర్లో పోస్టులో వెళ్తుంది. రోగిని నాలుగు వందల కిలోమీటర్లు తిప్పాల్సిన పని లేదు. ఐహెచ్‌సీ, ఈబర్ ఖర్చు, రెండో బయాప్సీ ఖర్చు ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాల్లో స్పష్టంగా, జబ్బు పేరు తేలకముందే వర్తించేలా చేర్చాలి. మాకు ఆ పరీక్షలన్నిటికీ చేతి డబ్బే అయింది, పిన్ని గాజులు తాకట్టు పెట్టింది అందుకే. జబ్బు పేరు తెలిశాక వైద్యానికి సాయం దొరుకుతుంది, పేరు తెలుసుకోవడానికి మాత్రం దొరకదు. ఈ ఒక్కటి మారితే చాలు, "వాడి చూద్దాం" అని ఊహ మీద మందు రాసే డాక్టర్‌కి కూడా రెండో ముక్క పంపడమే సులభమైన పని అవుతుంది.